దిక్కు చూపించే వైరస్

స్థాయి: తెలుగు చదవడం, రాయడం వచ్చినవాళ్ళకు (పన్నెండేళ్ళు దాటిన పిల్లలు)
నేర్చుకునేవి: ఒక సైన్సు విషయాన్ని తెలుగులో చదివి చెప్పడం; "దిక్కు", "మొగ్గు", "వరస" అనే మాటల వాడకం; తిరుగు–తిప్పు లాంటి క్రియల జంటలు

పిల్లలూ!

ఇంట్లో మనం తెలుగులో అన్నం అడుగుతాం, అలుగుతాం, అమ్మమ్మతో ఫోన్లో కబుర్లు చెప్తాం. కానీ సైన్సు మాట రాగానే టక్కున ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాం. అలా వదిలేస్తే మన తెలుగు వంటింటి గడప దాటదు. అందుకే ఈసారి కావాలనే కాస్త కష్టమైన విషయం తీసుకున్నాను. ఇది పెద్ద యూనివర్సిటీల్లో చదువుకునేది. అయినా భయపడక్కర్లేదు. ఖర్జూరం తోట చూసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. నజ్రాన్‌లో ఉంటున్న మనకు ఖర్జూరం తోటలకు కొదవ లేదు కదా!

ముందు ఈ మాటలు పైకి చదవండి

అయస్కాంతం – ఇనుమును లాగే వస్తువు. ఫ్రిజ్ తలుపుకి అంటుకునే బొమ్మ వెనకాల ఉండేది ఇదే.
అణువు – కొన్ని పరమాణువులు కలిస్తే అయ్యేది. నీటి అణువు చాలా చిన్నది, ప్రోటీన్ అణువు చాలా పెద్దది.
కేంద్రకం – పరమాణువు నడిమధ్యన ఉండే భాగం.
బంధం – రెండు పరమాణువులను కలిపి ఉంచేది.
సగటు – అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగిస్తే వచ్చేది.
మొగ్గు – ఒక వైపుకి కొంచెం వాలడం. "త్రాసు అటు మొగ్గింది" అంటాం.
బారులు తీరడం – వరసగా, ఒకే దిక్కుగా నిలబడడం.

1. అణువులతో మాట్లాడే యంత్రం

ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. స్కాన్ గురించి మీరు వినే ఉంటారు. మీలో కొందరి అమ్మానాన్నలు ఆసుపత్రుల్లోనే పనిచేస్తారు కాబట్టి యంత్రాన్ని చూసి కూడా ఉండొచ్చు. ఎన్.ఎం.ఆర్. అనే యంత్రం దానికి అక్కలాంటిది. ఎం.ఆర్.ఐ. కంటే ముందు పుట్టింది. తెలుగులో దాన్ని కేంద్రక అయస్కాంత అనునాదం అంటారు. ఎం.ఆర్.ఐ. మనిషి శరీరం లోపల చూస్తుంది, ఎన్.ఎం.ఆర్. అణువు లోపల చూస్తుంది.

రెండింట్లోనూ పెద్ద అయస్కాంతం ఉంటుంది. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఆసుపత్రి ఎం.ఆర్.ఐ. ఎక్కువగా 1.5 లేదా 3 టెస్లాలు ఉంటుంది. ప్రోటీన్లను చూసే ఎన్.ఎం.ఆర్. యంత్రాల్లో ఒక రకం 14.1 టెస్లాలది. అది దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత బలానికి రెండు లక్షల రెట్లకు పైమాటే.

హైడ్రోజన్ కేంద్రకం తనే ఒక బుల్లి అయస్కాంతం. పెద్ద అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగాలు పంపితే అది బదులు చెప్తుంది. చుట్టుపక్కల ఏ పరమాణువులు ఉన్నాయో దాన్నిబట్టి ఆ బదులు మారుతుంది. ఈ సంగతిని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా లోకానికి చెప్పారు. 1952లో ఇద్దరికీ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్ల రూపాన్ని ఎన్.ఎం.ఆర్.తో తెలుసుకునే పద్ధతి తయారుచేసినందుకు 2002లో కుర్ట్ వ్యూత్రిక్‌కి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

2. అసలు చిక్కు ఎక్కడుంది?

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది: మన ఇంటికి దారి ఎలా చెప్తాం? "బకాలా పక్క సందు, సందులో ఫార్మసీ, దానికి ఎదురుగా మా బిల్డింగ్" అంటాం. ఎన్.ఎం.ఆర్. కూడా చాలావరకు ఇలాగే చెప్తుంది: "ఈ హైడ్రోజన్ ఆ హైడ్రోజన్ పక్కన ఉంది" అని. అర నానోమీటరు దూరం దాటితే దానికి ఇక తెలీదు. (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.) పక్కపక్క ఇళ్ళ గుర్తులతో ఊరంతా గీయడం మొదలుపెడితే ఏమవుతుంది? ఒక్కో గుర్తు దగ్గర కొంచెం కొంచెం తేడా వస్తుంది. ఊరి చివరికి వచ్చేసరికి మొత్తం పటం వంకరపోతుంది. ప్రతి ఇంటి దగ్గరా "ఉత్తరం ఇటు" అని ఒక బాణం గుర్తు ఉంటే ఆ వంకర సరిచేసుకోవచ్చు. అణువులోని ప్రతి బంధానికీ అలాంటి బాణం గుర్తు కావాలి.

రెండోది: ఆ బాణం గుర్తు నిజానికి అణువులోనే ఉంది, మనకే కనబడదు. ఒక నైట్రోజన్ కేంద్రకం, దానికి అంటుకున్న హైడ్రోజన్ కేంద్రకం ఒకదాని మీద ఒకటి అయస్కాంత ప్రభావం చూపిస్తాయి. ఆ ప్రభావం ఎంత అన్నది వాటి మధ్య బంధం ఏ దిక్కుకి ఉందో దాని మీద ఆధారపడుతుంది. కానీ నీటిలో అణువు సెకనుకి కోట్ల సార్లు గిరగిరా తిరుగుతూ ఉంటుంది. సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో తిరిగేటప్పుడు ఏ రెక్క ఎటు ఉందో చెప్పగలరా? అలాగే ఇక్కడ కూడా. అన్ని దిక్కులూ సమానంగా కలిసిపోయి సగటు సున్నా అవుతుంది.

3. గట్టిగా పట్టుకుంటే సరిపోదా?

"అయితే అణువుని తిరగకుండా ఆపేద్దాం!" అని మీకు అనిపించవచ్చు. ఆపితే ఇంకో తంటా. పెళ్ళింట్లో రెండొందల మంది ఒక్కసారే మాట్లాడుతుంటే పెద్దమ్మ ఏమందో వినబడుతుందా? తిరగకుండా ఆపేసిన అణువులో ప్రతి కేంద్రకమూ తన చుట్టూ ఉన్న అన్నిటితోనూ గట్టిగా మాట్లాడుతుంది. ఒక్క నైట్రోజన్–హైడ్రోజన్ జంట ప్రభావమే ఇరవై వేల హెర్ట్జ్ దాకా ఉంటుంది. గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే గోలగా కనిపిస్తాయి.

మరి ఏం కావాలి? అణువు తన మానాన తాను తిరగాలి. కానీ ఒక దిక్కుకి కాస్త మొగ్గు ఉండాలి. ఎంత మొగ్గు? సుమారు వెయ్యిలో ఒక వంతు. అప్పుడు ఇరవై వేల హెర్ట్జ్‌లో ఇరవై హెర్ట్జ్ మాత్రం మిగులుతుంది. అది వినబడుతుంది, గోలా ఉండదు. ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే: దిక్కు తెలియడానికి పట్టుకోనక్కర్లేదు, కొంచెం మొగ్గు చాలు.

1997లో అమెరికాలో నికో చాంద్రా, ఆడ్ బాక్స్ అనే శాస్త్రవేత్తలు కొవ్వు అణువులతో చేసిన బుల్లి బిళ్ళలను నీళ్ళలో కలిపి ఈ మొగ్గు తెప్పించారు. అయితే ఆ బిళ్ళలు కొన్ని ఉష్ణోగ్రతల్లోనే సరిగ్గా నిలబడతాయి. ఆ మరుసటి ఏడాది, 1998లో, ఇంకో సాయం దొరికింది. అది ఒక వైరస్.

4. పెన్సిల్ లాంటి వైరస్

మనుషులకి జలుబు తెప్పించే వైరస్‌లు ఉన్నట్టే, బ్యాక్టీరియాకి పట్టే వైరస్‌లూ ఉన్నాయి. వాటిని బ్యాక్టీరియోఫేజ్ అంటారు, ముద్దుగా ఫేజ్. 1917లో ఫెలిక్స్ డెరెల్ పెట్టిన పేరు అది. "బ్యాక్టీరియాను తినేది" అని అర్థం. వీటిలో దారం లాంటి ఫేజ్‌లు ఒక జాతి. ఇవి చాలావరకు తాము ఉంటున్న బ్యాక్టీరియాను పగలగొట్టకుండానే, దాని గోడలోంచి దారం లాగినట్టు బయటికి వస్తాయి.

వీటిలో పీఎఫ్1 అనేది మన కథానాయకుడు. దీని పొడవు సుమారు రెండు వేల నానోమీటర్లు, మందం ఏడు నానోమీటర్ల లోపు. ఊహకి అందట్లేదా? మీ పెన్సిల్ తీసుకోండి. మందం సుమారు ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ పెన్సిల్ రెండు మీటర్ల పొడుగు ఉంటే, అంటే మీ నాన్నగారికంటే పొడుగ్గా ఉంటే, దాని ఆకారం పీఎఫ్1 ఆకారం. లోపల ఒంటిపోగు డి.ఎన్.ఎ. ఉంటుంది. దాని చుట్టూ 7,300 దాకా ఒకే రకం చిన్న ప్రోటీన్లు పెంకుల్లా కప్పి ఉంటాయి. ఒక్కో ప్రోటీన్‌లో 46 అమైనో ఆమ్లాలే.

ఆ చిన్న ప్రోటీన్లు స్ప్రింగులా మెలిక తిరిగి, దాదాపు ఫేజ్ పొడవునే పడుకుని ఉంటాయి. ఒక్కోదానికి అయస్కాంతం అంటే ఉన్న స్పందన బహు స్వల్పం. కానీ ఏడు వేల పైచిలుకు ఒకే తీరుగా ఉంటే అది లెక్కలోకి వస్తుంది. చీమలన్నీ కలిసి బెల్లం ముక్కను లాగినట్టన్నమాట! అందుకే పెద్ద అయస్కాంతంలో పెట్టగానే ఫేజ్‌లన్నీ అయస్కాంత క్షేత్రం ఉన్న దిక్కుకే బారులు తీరతాయి. ద్రవమే, కానీ లోపల వరస ఉంది. ఇలాంటి దాన్ని ద్రవస్ఫటికం అంటారు.

అమెరికాలోని కొలరాడోలో మార్క్ హాన్సెన్, ఆర్థర్ పార్డి, వాళ్ళతోపాటు లూసియానో ముల్లర్ 1998లో ఈ పీఎఫ్1ని వాడి చూపించారు. అదే ఏడాది మారియస్ క్లోర్, ఆంజెలా గ్రోనెన్‌బోర్న్ బృందం కూడా కర్రల్లాంటి వేరే వైరస్‌లతో ఇలాంటి పనే చేసింది.

5. ఖర్జూరం తోటలో చిన్న కర్ర

ఇప్పుడు తోటలోకి వెళ్దాం. చెట్లన్నీ నిటారుగా, ఒకే దిక్కుగా ఉన్నాయి. ఒక జానెడు కర్రముక్క గాలిలో గిరగిరా తిరుగుతూ ఈ చెట్ల మధ్య ఎగురుతోందని ఊహించుకోండి. చెట్లకు దూరంగా ఉన్నప్పుడు అది ఎటైనా తిరగొచ్చు, అడ్డు లేదు. మాను దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అడ్డంగా తిరిగితే మానుకి తగులుతుంది, నిలువుగా ఉంటే తగలదు. అంటే మొత్తం మీద లెక్క తీస్తే కర్ర అడ్డంగా కంటే నిలువుగా ఉన్న క్షణాలు కాస్త ఎక్కువ. ఎవరూ దాన్ని పట్టుకోలేదు. చెట్ల వరస వల్లే ఆ మొగ్గు వచ్చింది.

మానులు ఫేజ్‌లు. కర్ర మనం చూడాలనుకున్న అణువు. మామూలుగా ఒక మిల్లీలీటరు నీటికి పది మిల్లీగ్రాముల ఫేజ్ కలుపుతారు. అప్పుడు ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్య సుమారు యాభై నానోమీటర్ల ఖాళీ ఉంటుంది, అణువు మాత్రం కొద్ది నానోమీటర్లే. అందుకే ఎక్కువసేపు దానికి అడ్డే ఉండదు, మొగ్గు కొంచెమే వస్తుంది. మొగ్గు ఎక్కువ కావాలా? ఇంకాస్త ఫేజ్ కలపాలి. తక్కువ కావాలా? నీళ్ళు పోయాలి. పులుసులో ఉప్పు చూసి వేసుకున్నట్టే!

ఇంకో విషయం. మామూలు నీటిలో పీఎఫ్1 పైన రుణావేశం ఉంటుంది. డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ. మీద కూడా రుణావేశమే. ఒకే రకం ఆవేశాలు నెట్టుకుంటాయి కాబట్టి అవి ఫేజ్‌కి అంటుకోవు. అదే ధనావేశం ఉన్న ప్రోటీన్ అయితే ఫేజ్‌కి అతుక్కుపోవచ్చు. అప్పుడు ఈ పద్ధతి పనికిరాదు, వేరే దారి చూసుకోవాలి.

6. ప్రయోగశాలలో ఏం చేస్తారు?

మొదట ఫేజ్ లేకుండా కొలుస్తారు. నైట్రోజన్‌తో జతపడిన హైడ్రోజన్ గీత రెండుగా చీలి కనిపిస్తుంది. రెండు గీతల మధ్య ఎడం సుమారు 92 హెర్ట్జ్.

తర్వాత ఫేజ్ కలుపుతారు. ఫేజ్‌లు నిజంగా బారులు తీరాయో లేదో ఎలా తెలుస్తుంది? నీటిలో కొంత భారజలం ఉంటుంది. అందులోని డ్యుటీరియం గీతను చూస్తారు. ఒకటే గీత ఉంటే వరస కుదరలేదు. రెండుగా చీలితే కుదిరింది.

ఆ తర్వాత మళ్ళీ కొలుస్తారు. ఉదాహరణకి ఒక బంధం దగ్గర 92 కాస్తా 104 అయిందనుకోండి. తేడా 12 హెర్ట్జ్. ఆ పన్నెండే బాణం గుర్తు! అణువు మొగ్గిన దిక్కుకి బంధం సమాంతరంగా ఉంటే తేడా అన్నిటికంటే ఎక్కువ. అడ్డంగా ఉంటే అందులో సగం, అదీ ఎదురు గుర్తుతో. సుమారు 54.7 డిగ్రీల వాలులో ఉంటే సున్నా. ఒక్క అంకెతోనే దిక్కు పూర్తిగా తేలదు, ఎందుకంటే ఒకే వాలు చాలా వైపులకి ఉండొచ్చు. అందుకే పదుల కొద్దీ బంధాలను కొలిచి, అన్నిటికీ సరిపోయే రూపం వెతుకుతారు.

పని అయ్యాక ఆ ద్రవాన్ని చాలా వేగంగా గిరగిర తిప్పే యంత్రంలో పెడితే బరువైన ఫేజ్‌లు అడుక్కి చేరతాయి. అణువు పైన నీటిలో మిగులుతుంది. మజ్జిగ చిలికి వెన్న తీసినట్టు, దేనికది విడిపోతుంది.

7. ఇదంతా ఎవరి కోసం?

ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి. వైరస్‌లో తార్ అనే చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్క ఉంది. వైరస్ తన ప్రతులు తయారు చేసుకోవడానికి అది తప్పనిసరి. దానికి మోచేయి లాంటి వంపు ఉంది, వంపుకి అటూ ఇటూ రెండు చేతులు. వంపు దగ్గర పక్కపక్క గుర్తులు తక్కువ. కాబట్టి "బకాలా పక్కన, ఫార్మసీ ఎదురుగా" పద్ధతి అక్కడ తడబడుతుంది. లెబనాన్‌లో పుట్టిన హాషిం అల్-హాషిమి, ఆయన తోటివారు ఫేజ్ మొగ్గును వాడి ఆ రెండు చేతుల దిక్కులు కొలిచారు. 2002లో వాళ్ళు చెప్పింది ఏమిటంటే ఆ మోచేయి ఒకే కోణంలో బిగుసుకుపోయి లేదు, ఊగుతూ ఉంది. ఊగేటప్పుడు అది తీసుకునే రూపాల్లో, వేరే అణువు వచ్చి అతుక్కున్నప్పటి రూపాలు కూడా ఉండవచ్చు. మందు కనిపెట్టాలనుకునేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. తాళం ఊగుతోందని తెలియకుండా తాళంచెవి చేస్తే అది పట్టదు కదా.

ఇక్కడే కథకి రెండో ముఖం ఉంది. పీఎఫ్1 పెరిగేది సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాలో. ఆసుపత్రిలో పనిచేసే అమ్మనో నాన్ననో అడగండి, ఈ పేరు వినగానే మొహం చిట్లిస్తారు. కాలిన గాయాలు ఉన్నవాళ్ళకి, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి అది పెద్ద శత్రువు. ఈ బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటుంది. 2015లో శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే పీఎఫ్ జాతి ఫేజ్‌లు ఆ జిగురులో కూడా బారులు తీరి ద్రవస్ఫటికంగా మారతాయి. దానివల్ల జిగురు చిక్కబడుతుంది, ఎండిపోకుండా ఉంటుంది, కొన్ని యాంటీబయాటిక్‌లకి తట్టుకుంటుంది.

చూశారా! ప్రయోగశాలలో మనకి దిక్కు చూపించిన గుణమే, రోగి ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియాకి కోట గోడ అవుతోంది. వరసకి మంచీ చెడూ తెలీదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యం.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ అనే సంస్థ కనిపిస్తుంది. గోపన్‌పల్లిలో టాటా వారి పరిశోధన సంస్థ ఉంది. రెండు చోట్లా ఎన్.ఎం.ఆర్. యంత్రాలు ఉన్నాయి. అటు వెళ్తే "లోపల అణువులతో మాట్లాడే యంత్రం ఉంది" అని తాతయ్యకి మీరే చెప్పండి, తెలుగులో.

8. భాష సంగతి

దిక్కు: తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం – ఇవి దిక్కులు. "ఆదుకునేవారు" అనే అర్థం కూడా ఉంది: "ఆ పిల్లకి మేనమామే దిక్కు." ఏం చేయాలో తెలియనప్పుడు "దిక్కు తోచలేదు" అంటాం. నీటిలో తిరిగే అణువుకి ఏ మాట బాగా నప్పుతుందో మీరే చెప్పండి.

వరస: లైను అని ఒక అర్థం, చుట్టరికం అని ఇంకో అర్థం. "చెట్లు వరసగా ఉన్నాయి." "ఆవిడ నాకు అత్త వరస."

మొగ్గు, మొగ్గ: చివరి అక్షరంలో గుణింతం మారితే అర్థం మారుతుంది. మొగ్గ అంటే విచ్చుకోని పువ్వు.

క్రియల జంటలు: తనంతట తాను జరిగితే ఒక మాట, ఇంకొకరు చేస్తే ఇంకో మాట.
అణువు తిరుగుతుంది – యంత్రం సీసాను తిప్పుతుంది.
ఎడం మారింది – ఫేజ్ ఎడాన్ని మార్చింది.
ఫ్యాను ఆగింది – నాన్న ఫ్యాను ఆపారు.
ఫేజ్‌లు అడుక్కి చేరాయి – యంత్రం వాటిని అడుక్కి చేర్చింది.

9. అభ్యాసం

అ. ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.
1. అణువు వేగంగా తిరిగితే బంధం దిక్కు ఎందుకు తెలియదు?
2. అణువును పూర్తిగా ఆపేస్తే వచ్చే ఇబ్బంది ఏమిటి?
3. ఆర్.ఎన్.ఎ. ఎందుకు పీఎఫ్1కి అంటుకోదు?

ఆ. లెక్క: ఫేజ్ లేనప్పుడు మూడు బంధాల దగ్గరా ఎడం 92 హెర్ట్జ్. ఫేజ్ కలిపాక 80, 92, 110 వచ్చాయి. ఒక్కో తేడా ఎంత? ఏ బంధం 54.7 డిగ్రీల వాలులో ఉండే అవకాశం ఉంది?

ఇ. చేసి చూడండి: చపాతీ పిండి ముద్దను పళ్ళెంలో పరిచి, ఇరవై అగరబత్తీలు నిటారుగా గుచ్చండి. మధ్యలో ఒక టూత్‌పిక్‌ను వేళ్ళతో అన్ని వైపులకీ తిప్పండి. నిలువుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు తగిలింది, అడ్డంగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు తగిలింది? తర్వాత సగం అగరబత్తీలు తీసేసి మళ్ళీ చూడండి. మొగ్గు పెరిగిందా, తగ్గిందా? చూసింది అయిదు వాక్యాల్లో రాయండి.

ఈ. "వరసకి మంచీ చెడూ తెలీదు" – ఈ మాట మీకు ఒప్పుకోదగ్గదిగా ఉందా? పాఠంలోంచి రెండు ఉదాహరణలు ఇస్తూ ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి.

అమ్మానాన్నలకు: పిల్లలు "ఇ"లో రాసింది పైకి చదివించండి. ఇంగ్లీషు మాట దొర్లితే ఆపకండి. వాక్యం పూర్తయ్యాక "దీన్ని మనం ఇంట్లో ఏమంటాం?" అని అడగండి. మాట దొరక్కపోతే విషయాన్ని విడమరచి చెప్పనివ్వండి, అది కూడా తెలుగే.